పుట్టిన నాటి బరువు – పంది పెరుగుదల, మాంసపు నాణ్యత

వరి పండే కోనసీమలో తవుడుకూ నూకలకూ కొదవ లేదు. అందుచేత అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో పందుల పెంపకం గురించి రైతుతో మాట్లాడేటప్పుడు మన సంభాషణ మేతతో మొదలై మేతతోనే ముగియడం సులభం. కాని పంది ఎంత మాంసం ఇస్తుంది, ఆ మాంసం ఎలా ఉంటుంది అన్నది కొంతమేరకు తల్లి గర్భంలోనే నిర్ణయమవుతుంది.

పంది చూడికాలం సుమారు 114 రోజులు. పిండంలో ప్రాథమిక కండర తంతువులు దాదాపు 35వ రోజు నుంచి, వాటి చుట్టూ ద్వితీయ తంతువులు 55–90 రోజుల మధ్య ఏర్పడతాయి. ఆపై తంతువుల సంఖ్య ఇంచుమించు స్థిరం. తరువాత పెరిగేవి వాటి పొడవు, లావు మాత్రమే. గర్భంలో చోటు, పోషణ చాలని పిల్లకు తంతువులు తక్కువ. ఈతకు పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ ఇటువంటివి ఎక్కువవుతాయి. ఎక్కువ పిల్లలు పుట్టడాన్నే ఘనతగా చెప్పే మనం ఈ సంగతీ చెప్పాలి. చూడి చివరి నెలలో మేత పెంచితే పిల్లల బరువు కొంత పెరగవచ్చు గాని, తంతువుల సంఖ్య పెరగదు.

2006లో జర్మనీలో రేఫెల్ట్, కూన్ ప్రచురించిన పరిశోధనలో తక్కువ బరువుతో పుట్టిన పందులు నెమ్మదిగా పెరిగాయి. వాటిలో కొవ్వులేని మాంసం తగ్గింది, మాంసం నుంచి నీరు ఎక్కువగా కారింది. అదే ఏడాది ఫ్రాన్సులో గోండ్రే బృందం ఇటువంటి పందుల నడుము మాంసంలో మెత్తదనం తక్కువని గుర్తించింది. ఉన్న కొద్ది తంతువులే మితిమీరి లావెక్కడం ఇందుకు ఒక కారణం. వెనుకబడిన పిల్లకు తవుడు దండిగా పెట్టి లోటు పూడ్చబోతే పెరిగేది ఎక్కువగా కొవ్వే. పైగా తవుడులోని నూనె వల్ల ఆ కొవ్వు మెత్తబడుతుంది.

కనుక పుట్టిన రోజునే ప్రతి పిల్లనూ తూచాలి. ఒక సంచి, స్ప్రింగ్ త్రాసు చాలు. లార్జ్ వైట్ యార్క్‌షైర్ పిల్ల కిలోకు తగ్గితే గుర్తు పెట్టుకోవాలి. నాటు పిల్లలు స్వతహాగా చిన్నవి. సంకరజాతుల్లో నాటు రక్తం పాలును బట్టి బరువు మారుతుంది. అందువల్ల వాటిని ఆ ఈత సగటుతో పోల్చడమే న్యాయం.

తేలికగా పుట్టిన పిల్లను పారవేయనక్కరలేదు. పుట్టిన కొద్ది గంటల్లోనే ముర్రుపాలు తాగించి, పాలు ఎక్కువగా వచ్చే ముందరి చన్నులకు చేర్చాలి. ఒంట్లో కొవ్వు నిల్వ లేని ఈ పిల్లకు 32–34 డిగ్రీల వెచ్చదనం కావాలి. పొడి వరిగడ్డి, ఒక బల్బు అందుకు సరిపోతాయి. అయితే ఈ జాగ్రత్తలు ప్రాణాన్ని నిలుపుతాయి గాని, తంతువులను పెంచవు. అటువంటి ఆడపిల్లను సంతానానికి ఉంచుకోరాదు. పాలు మాన్పిన పిల్లలను కొనే రైతు, అప్పటి బరువుతోపాటు పుట్టిననాటి బరువునూ అమ్మేవానిని అడిగి రాసుకోవాలి.