కోచ్ అను మాట కథ

రైలునిలయమున "మన కోచ్ ఎచట నిలుచును?" అని మూటలతో పరుగిడని గృహిణి యుండదు. పిల్లవాడు పదవ తరగతి దాటగనే "ఏ కోచింగునందు చేర్పింతము?" అని చింతింపని తల్లియు నరుదు. ఆట నేర్పువానిని గూడ కోచ్ అనియే పిలుచుచున్నాము. ఇన్ని యర్థము లొక్క మాటలో నెట్లు చేరెనో విచారింతము.

ఈ పదమునకు పుట్టినిల్లు హంగరీ దేశము. బూడా నగరమునుండి వియన్నాకు పోవు బాటలో కోచ్ అను చిన్నపల్లె గలదు. 15వ శతాబ్దమున నచ్చటివారు తేలికయై వడిగ పోవు గుఱ్ఱపుబండిని చేసిరి. "కోచ్ ఊరిబండి" యను నర్థమున దానిని "కోచి సెకేర్" అనిరి. రానురాను బండి యను మాట జారి, ఊరిపేరే నిలిచెను. "గద్వాల కట్టుకొంటిని" అన్నచో చీర యని వేఱుగ చెప్పనక్కఱ లేదు గదా!

బండితోపాటు పేరును ఎల్లలు దాటెను. జర్మనులకు కుట్షె, స్పెయిన్‌వారికి కోచె, 16వ శతాబ్దమున నాంగ్లేయులకు కోచ్ అయ్యెను. హంగరీ, స్పెయిన్ దేశములలో నేటికిని మోటారుకారున కిదియే పేరు. రైలు వచ్చినపుడు తొలి పెట్టెలను గుఱ్ఱపు కోచ్‌ల పోలికనే కట్టిరి గాన, పేరును వానికే సంక్రమించెను. 1955లో మదరాసు చెంత పెరంబూరున వెలసిన పెట్టెల కర్మాగారమునకును ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ యనియే పేరు. కార్ల తొలినాళ్లలో యంత్రమును చట్రమును ఒకరు చేయగా, పైకట్టడమును పెక్కుమార్లు కోచ్‌లు కట్టు పనివాండ్రే యమర్చెడివారు.

ఇక గురువు మాట. 1830 ప్రాంతమున ఆక్స్‌ఫర్డు విద్యార్థులు తమ్ము పరీక్ష గట్టెక్కించు ప్రైవేటు ఉపాధ్యాయుని పరిహాసముగ కోచ్ అనిరి. బండి నెక్కినవాడు నడువకయే యూరు చేరును గదా! పిదప నా పేరు ఆటలు నేర్పువారికిని వచ్చెను.

ఆ పరిహాసమునందొక హెచ్చరిక గలదు. కఠోపనిషత్తునందు దేహము రథము, బుద్ధి సారథి. పగ్గములు పట్టవలసినది నేర్చువాని బుద్ధియే. వేకువనుండి రాత్రివఱకు ఒక కోచింగునుండి మఱియొక దానికి మోయబడు బిడ్డకు పగ్గములు పట్టు వేళ యెప్పుడు? ఉపాధ్యాయుని యింట నుండు మేము నిత్యము చూచునదేమన, తానై తంటాలుపడి చేసిన లెక్క పిల్లకు మఱునాడును జ్ఞాపకముండును. ఒరులు చేసి చూపినది పుస్తకముననే యుండిపోవును.

కోచింగు వలదని మేము చెప్పము. దూరపుటూరికి బండి కావలసినదే. కాని దినమున కొక గంటయైన బిడ్డను తనంతట చదువుకొననిండు. "ఎన్ని మార్కులు వచ్చినవి?" అని యడుగుటకు ముందు "నేడు నీవై యేమి చేసితివి?" అని యడుగుడు. బండి దిగిన పిమ్మట నడువవలసినది బిడ్డయే గదా!