పేరుకి మూడు తలలు, లెక్కకి నాలుగు

బీకాం చదివి బ్యాంకులో చేరి ముప్ఫై ఏళ్ళు దాటింది. డెబిట్టూ క్రెడిట్టూ తప్ప మరో శాస్త్రం ఎరగనివాణ్ణి. అలాంటి నేను కుక్క ముందరి కాలి కండరాల గురించి రాయబూనుకున్నానంటే పాఠకులకు వింతగా తోచవచ్చు. దీనికి బాధ్యులు ఇద్దరు. ఒకరు మా రెండో అమ్మాయి, రెండోది మా వీధి కుక్క మణి.

మా తాతగారు రైల్వే కార్ఖానాలో పనికి నెల్లూరు నుంచి వచ్చి పెరంబూరులో స్థిరపడ్డారు. అప్పట్నుంచీ మా ఇంట్లో అందరివీ లెక్కల ఉద్యోగాలే. ప్లస్ టూలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల పశువైద్యం చదువుతానంటే నాకు మింగుడుపడలేదు. "ఆవులకీ కుక్కలకీ సూదులు వేయడానికా ఇంత చదివించింది?" అనేశాను. నెల రోజులు ఇంట్లో మాటలు తక్కువ, మౌనం ఎక్కువ. చివరికి దాని పట్టే నెగ్గింది. వేపేరిలో ఉన్న, 1903 నాటి మద్రాసు వెటర్నరీ కాలేజీలో చేరింది.

మొదటి ఏడాదే అనాటమీ. మేం చిన్నప్పుడు ఎక్కాలు వల్లించినట్టు రాత్రిళ్ళు కండరాల పేర్లు వల్లించేది. ఒకరోజు పేపరు పక్కనపెట్టి, "ఏమిటే ఆ దండకం?" అన్నాను. దానికి అంతే కావాలి.

"నాన్నా, కుక్క ముందరి కాలు ఒంటికి ఎలా అతుక్కుని ఉంటుందో చెప్పు."

"ఎముకతో."

"కాదు. మనకి మెడ కింద జత్రుక అని ఎముక ఉంది చూడు, అది చేతిని ఛాతీకి కలుపుతుంది. కుక్కకి ఆ వంతెన లేదు. ముందరి కాలు మొత్తం కండరాలతోనే వేలాడుతుంది."

నాకు నమ్మకం కుదరలేదు. అది వాళ్ళ అమ్మ పాత చీర తెచ్చి రెండు కుర్చీల మధ్య ఉయ్యాలలా కట్టింది. కుర్చీలు రెండు భుజాల పలక ఎముకలట, చీర సెర్రేటస్ వెంట్రాలిస్ అనే కండరమట. రంపం పళ్ళలా పక్కటెముకలను పట్టుకుని, రెండు పలకల మధ్య ఒంటిని ఉయ్యాలలో బిడ్డలా మోస్తుంది. ఒంటి బరువులో 60 శాతం దాకా ముందరి కాళ్ళదే. పరుగులో నేల తాకినప్పుడు ఆ అదురును ఈ ఉయ్యాలే మింగుతుంది. పైన ట్రెపీజియస్, రాంబాయిడియస్ పలకను వీపుకి పట్టి ఉంచుతాయి. మెడ నుంచి వచ్చే బ్రేకియోసెఫాలికస్ కాలిని ముందుకు లాగితే, వీపు మీది లాటిస్సిమస్ డోర్సై వెనక్కి లాగుతుంది. జత్రుక ఆనవాలు మాత్రం ఆ బ్రేకియోసెఫాలికస్‌లో చిన్న గీతలా మిగిలిందట. ఖాతా మూసేసినా లెడ్జరులో పేరు మిగిలినట్టన్నమాట.

తరవాత బైసెప్స్, ట్రైసెప్స్. బైసెప్స్ అంటే రెండు తలలది. కాని కుక్క బైసెప్స్‌కి ఉన్నది ఒకటే తల. ట్రైసెప్స్ అంటే మూడు తలలది. కుక్కకి నాలుగు. "ఇది మా బ్రాంచిలో జరిగితే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు," అన్నాను. చాలా రోజుల తరవాత ఇద్దరం కలిసి నవ్వుకున్నాం.

ఆ వానాకాలంలోనే మణిని మోటారు సైకిలు గుద్దింది. మా ఆవిడ పెట్టే పెరుగన్నం తిని మా గుమ్మంలోనే పడుండే కుక్క. ఎడమ ముందరి కాలు ఈడుస్తూ వచ్చింది. మోచెయ్యి జారిపోయింది, పంజా వెనక్కి మడతపడి పైభాగం నేలకి రాసుకుంటోంది. "ఎముక విరిగింది, ఇక లాభం లేదు, కార్పొరేషన్ వాళ్ళకి చెప్పండి," అన్నారు పక్కింటాయన.

అమ్మాయి కాలంతా నెమ్మదిగా తడిమి చూసింది. "ఎముక విరిగినట్టు లేదు నాన్నా. మోచెయ్యి నిలవడం లేదు. దాన్ని మడతపడకుండా నిలబెట్టేది ట్రైసెప్సే. పంజా కూడా లేవడం లేదు. ఈ రెండు పనులకీ కబురు మోసుకెళ్ళేది ఒకటే, రేడియల్ నరం. దెబ్బ దానికే తగిలిందేమో. కాని నేను మొదటి ఏడాది దాన్ని, నా మాట మీద ఆగకూడదు," అంది. ఆటోలో కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

డాక్టరుగారు ఎక్స్‌రే తీయించారు. ఎముకలు బాగానే ఉన్నాయి. కంటిపాపలు రెండూ సమంగా ఉన్నాయా అని చూశారు. వెన్ను దగ్గర నరాల మూలాలే తెగితే ఒక్కోసారి ఆ వైపు కంటిపాప చిన్నదవుతుందట. తరవాత పట్టకారుతో కాలివేలు గట్టిగా నొక్కారు. మణి తల తిప్పి కుయ్యిమంది. అది కుయ్యిమంటే నాకు ప్రాణం లేచొచ్చింది. నొప్పి తెలుస్తోందంటే నరం పూర్తిగా తెగలేదని ఆశ. తెగిన నరపు పోగు మళ్ళీ పెరిగినా రోజుకి సుమారు ఒక మిల్లీమీటరేనట, అంచేత ఓపిక పట్టాలన్నారు. పంజా రాసుకుని పుండు పడకుండా కట్టు కట్టారు. కీళ్ళు బిగుసుకుపోకుండా రోజూ మెల్లగా మడిచి చాపమన్నారు.

అమ్మాయికి పరీక్షలు. ఆ పని నా మీద పడింది. పొద్దున బ్యాంకుకి వెళ్ళేముందు పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. మడుస్తూ చాపుతూ నేనూ పేర్లు వల్లించాను. చేతి కింద ఉన్న కండకి పేరుందని తెలిశాక ఆ కాలు వీధి కుక్క కాలులా అనిపించలేదు.

ఆరో వారంలో ఒక ఉదయం. మణి గిన్నె వైపు వస్తూ ఎడమ కాలు మోపింది. మోచెయ్యి జారలేదు. ఒక్క క్షణం స్తంభంలా నిలిచింది. అమ్మాయి అప్పటికే కాలేజీకి వెళ్ళిపోయింది. వెంటనే ఫోను చేసి, "అమ్మా, ట్రైసెప్స్ పనిచేస్తోందే!" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తరవాత, "నాలుగు తలలూనా నాన్నా?" అంది. గొంతు మాత్రం వణికింది.

దెబ్బకి దగ్గరగా ఉన్న కండరానికి నరం ముందు అందుతుంది, దూరంగా ఉన్న పంజాకి ఆలస్యం. మణి పంజా ఎత్తడానికి మరో రెండు నెలలు పట్టింది. ఇప్పటికీ కొద్దిగా కుంటుతుంది. కుంటే కాలు ఏదో తెలియాలంటే తల చూడాలి. నొప్పి కాలు నేల తాకినప్పుడు తల పైకెత్తుతుంది, మంచి కాలు తాకినప్పుడు దించుతుంది.

ఇళ్ళలో కుక్కల్ని పెంచుకునేవారికి ఒక మనవి. ముద్దుకైనా సరే, ముందరి కాళ్ళు పట్టి పైకెత్తకండి. అక్కడ ఒంటిని పట్టి ఉంచే ఎముక కీలు లేదు, ఉన్నది కండ ఉయ్యాల ఒక్కటే. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక భాగం కింద వేసి ఎత్తండి. కాలు ఈడుస్తుంటే అది విరిగిందనీ, ఇక లాభం లేదనీ మనమే తీర్పు చెప్పేయకుండా డాక్టరుకి చూపించండి.

మా బ్రాంచిలో ఎవరైనా, "మీ అమ్మాయి ఏం చదువుతోంది సార్?" అని అడిగితే ఒకప్పుడు మాట మార్చేసేవాణ్ణి. ఇప్పుడు వాళ్ళని కూర్చోబెట్టి, "కుక్క ట్రైసెప్స్‌కి తలలెన్నో చెప్పండి చూద్దాం," అంటున్నాను.