కత్తి, పిడి, కొలిమి

కత్తి తెగకపోయినచో మనము వెంటనే అలుగును నిందింతుము. కాని వంటయింటి మూలలో పడియున్న పాత కత్తులను తీసి చూడుడు. వానిలో పెక్కింటికి అలుగు చక్కగనే యుండును, ఊడినది పిడి. మొవ్వ చుట్టుపట్ల కొలుములయొద్ద మేము గమనించినదియు ఇదియే. అలుగును సాగగొట్టుటలో కమ్మరి చూపు శ్రద్ధకు, పిడి బిగించుటలో చూపు శ్రద్ధ ఏమాత్రము తీసిపోదు.

కృష్ణ ఒండ్రునేలలో వరి పండును గాని ఇనుపరాయి దొరకదు. ఇచ్చటి కమ్మరికి లోహము ఎల్లప్పుడును వెలుపలినుండి రావలసినదే. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున పూర్వము మూసలలో ఉక్కు చేసెడివారు. దానికై పారశీక వర్తకులు వచ్చుచుండిరని వాయిసీ అను ఆంగ్ల వైద్యుడు వ్రాసిన వృత్తాంతము 1832లో ప్రకటితమైనది. అంతకు ముందే, 17వ శతాబ్దమున, డచ్చివారు బందరు రేవున ఇనుమును, ఉక్కును ఓడల కెక్కించిరి. ఆ మూసల ఉక్కు కాలగర్భమున కలిసినది. నేడు మన కమ్మరికి గని పాత లారీ కమానుపట్టీ! నవ్వవలసిన పనిలేదు. నూటికి అరపాలు, అంతకు కొంచెము మించియు కర్బనమున్న ఆ పట్టీ మంచి పదును పట్టును.

పట్టీని ఎఱ్ఱగా కాల్చి, పట్టుకారుతో దాగలిపై నిలిపి, ఒకరు సుత్తితో చోటు చూపగా మఱియొకరు సమ్మెటతో కొట్టుదురు. రూపు వచ్చిన పిదప మరల కాల్చి అంచును నీట ముంచగా అది గట్టిపడును గాని గాజువలె పెళుసగును. కావున తిరిగి మెల్లగా వేడి తగులనిచ్చి, రుద్ది మెరయించిన అంచుపై రంగు కనిపెట్టుదురు. ఎండుగడ్డి రంగు సుమారు 230 డిగ్రీలకు వచ్చును. కత్తికి అది తగిన పాకము. నీలిరంగు 300 డిగ్రీల ప్రాంతమున వచ్చును. అప్పటికి అంచు మెత్తబడినదే. కొలిమిలో ఉష్ణమాపకము లేదు, కమ్మరి కన్నే కొలబద్ద.

ఇక పిడి. అలుగు వెనుక సన్నగా సాగదీసిన తోక యుండును. దానిని నీట ముంచి గట్టిపఱుపరు; మెత్తగా ఉన్నచోనే అది దెబ్బకు విరుగక ఓర్చును. పిడికి నల్లతుమ్మవంటి గట్టి కఱ్ఱను నీడన ఆరబెట్టవలెను. పచ్చికఱ్ఱను బిగించినచో, ఎండి కుంచించుకొన్నప్పుడు బీట వారును, లేదా వదులగును. కఱ్ఱ మొగమున ముందే పొన్ను తొడిగి, సన్నని బెజ్జము వేసి, కాల్చిన తోకను అందు దించుదురు. తోక ఆకారమునకు సరిపడ కఱ్ఱ తానే కాలి దారి యిచ్చును. ఇందొక మెలకువ కలదు. ఆ వేడి అంచువఱకు ప్రాకినచో పడిన పాటంతయు వృథా. అందుకై అలుగునకు తడిగుడ్డ చుట్టుదురు. కాల్పు మితిమీరినచో బెజ్జము బొగ్గుపొడియై పట్టు తప్పును. మిగిలిన సందులను కరగిన లక్క పూడ్చును.

ఎక్కడి మొవ్వ, ఎక్కడి ఉత్తర ఐరోపా! అయినను ఫిన్లాండువారి పూక్కో కత్తికిని, స్వీడనులోని మోరా కత్తికిని ఈ తోకయే ఆధారము. మన తుమ్మకు బదులు అచ్చట భూర్జము. హిమాలయ ప్రాంతమున పూర్వులు గ్రంథములు వ్రాసికొన్న భూర్జపత్రము ఆ జాతి చెట్టు పట్టయే. ఫిన్లాండున ఆ పట్ట ముక్కలను తోకకు ఒకదానిపై నొకటి గ్రుచ్చి, గట్టిగా అదిమి పిడి చేయుటయు కలదు. మంచులో అది చేతికి చల్లగా తగులదు, తడిసినను జారదు. రెయిన్‌డీరు ఏటేట రాల్చు కొమ్ములును పిడులగును. మనకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత దుప్పికొమ్ము తలపెట్టరానిది. గేదెకొమ్మునకు ఆ బాధ లేదు.

ఒకప్పుడు కళ్ళములో కమ్మరికి మేర కొలిచెడివారు. ఆ ధాన్యమునకు ప్రతిగా అతడు నాగటి కఱ్ఱు సాగగొట్టెడివాడు, కొడవళ్ళకు కక్కు పెట్టెడివాడు. ట్రాక్టరు కఱ్ఱును, కోతయంత్రము కొడవలిని చాలవఱకు తొలగించినవి. ఇప్పుడు కొలిమికి మిగిలినది కత్తిపీట, కొబ్బరికాయల కత్తి, గీతకార్మికుని కత్తి. సమ్మెట అందుకొను రెండవవాడు దొరకుటయే కష్టమగుచున్నది. దుకాణములోని తళతళలాడు కత్తి చౌకయే. కాని దాని పిడి ఊడినచో బాగుచేయువాడు ఆ దుకాణమున ఉండడు.

వదులైన పిడిని నీట నానవేయుట కొందరి యలవాటు. ఉబ్బిన కఱ్ఱ రెండు దినములు బిగువుగానే యుండును. లోపల తోక తుప్పుపట్టుచునే యుండును. అట్లు చేయక కత్తిని కొలిమికి కొనిపొండు. పాత లక్క తీసి, తోకకు పట్టిన తుప్పు గీకి, క్రొత్త లక్కతో బిగించుట కమ్మరికి గడియ పని.