మూడు జీబీల వాన.. గుప్పెడు గుప్పెడుగా!

శెనక్కాయల మూట మొత్తాన్ని ఒళ్లో కుమ్మరించుకుని ఎవరైనా ఒలుస్తారా? గుప్పెడు తీసుకుని ఒలుస్తారు. గింజలు చేటలో వేసి, పొట్టు పక్కన పడేస్తారు. తర్వాత ఇంకో గుప్పెడు. పెద్ద ఫైల్‌ని ప్రోగ్రామ్‌తో చదివించే పద్ధతి కూడా అచ్చం ఇదే!

అనంతపురం వాననే తీసుకోండి. దేశం మొత్తాన్నీ గళ్లుగా విడదీసి, 1901 నుంచి ఏ రోజు ఏ గడిలో ఎంత వాన పడిందో భారత వాతావరణ శాఖ ఏడాదికో ఫైల్‌గా ఇస్తోంది. అడ్డంగా 135, నిలువుగా 129.. అంటే రోజుకి 17,415 అంకెలు. ఒక్కో అంకెకి 4 బైట్లు. లెక్కేస్తే రోజుకి 70 కేబీ, ఏడాదికి 25 ఎంబీ. అన్నేళ్లదీ కలిపితే 3 జీబీ పైమాటే.

4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఇదంతా ఒక్కసారే లోడ్ చేస్తే హ్యాంగ్ అయిపోతుంది. కానీ మనకి కావాల్సింది అనంతపురం గడి ఒక్కటే కదా! అందుకే పైథాన్‌లో ఫైల్ తెరిచి, విడతకి 69,660 బైట్లు.. అంటే సరిగ్గా ఒక రోజు వానని మాత్రమే రీడ్ చేయమంటాం. అందులో 4,500వ అంకె అనంతపురానికి దగ్గరి గడిది. దాన్ని ఉంచుకుని, మిగతాది వదిలేసి మర్నాటికి వెళ్తాం. ఫైల్ ఎంత పెద్దదైనా ఒక్కసారి మెమరీలోకి వచ్చేది ఆ 70 కేబీనే.

అయితే ఇక్కడో తిరకాసుంది. అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేదే 550 మి.మీ. అటూఇటూ. అందుకే రెండు వానల మధ్య ఎన్ని రోజుల ఎడం వచ్చిందన్నది వేరుశనగ రైతుకి చావుబతుకుల సమస్య. పని వేగంగా అవ్వాలని నెలకో ముక్కగా చదివామనుకోండి. ఆగస్టు చివర్లో 12 రోజులు, సెప్టెంబర్ మొదట్లో 14 రోజులు వాన లేదు. కొత్త ముక్కకి వెళ్లగానే ప్రోగ్రామ్ లెక్కని సున్నా చేస్తే, రెండు చిన్న ఎడాలే కనిపిస్తాయి. చేలో పైరు మాత్రం ఊడలు దిగి కాయలు ఊరే వేళ వరసగా 26 రోజులు ఎండింది!

దీనికి మందు చిన్నదే. రోజులు లెక్కపెట్టే వేరియబుల్‌ని లూప్ బయట పెట్టండి. 2.5 మి.మీ.కి తక్కువ పడిన రోజు దానికి ఒకటి కలపండి. అంతకంటే ఎక్కువ పడినప్పుడే సున్నా చేయండి. నెల మారినా, ఫైల్ మారినా దాన్ని కదిలించొద్దు.

ఒక్క ఏడాది ఫైల్‌తో ఈ ఆదివారం ట్రై చేసి చూడండి. ముందుగా మీ ఊరి గడి ఎన్నోదో కనుక్కోండి!