పగను గెలిచిన కరపత్రం

కన్నబిడ్డలను చంపిన అశ్వత్థామను పట్టి తెస్తే, అతని తల్లి కూడా తనలాగే ఏడవరాదని ద్రౌపది విడిపించింది. పోతనగారి భాగవతంలో ఈ ఘట్టం చదివి, ఇది లోకంలో జరిగే పనేనా అని సందేహించేవారు ఉంటారు. అటువంటివారికి ఈ ఉదంతం.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ముందురోజు కొలంబో మీద దాడి నడిపినవాడు మిట్సువో ఫుచిడా. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరు మీదికి విమానదళాన్ని నడిపిందీ ఆయనే. ఆ ఏప్రిల్ 18న 16 అమెరికన్ విమానాలు జపాను మీద బదులుదాడి చేశాయి. పదహారో విమానంలోంచి నగోయా నగరంపై బాంబులు విడిచినవాడు జేకబ్ డిషేజర్.

డిషేజర్ చైనాలో జపానువారికి చిక్కాడు. 40 నెలలు ఖైదు. అందులో 34 నెలలు ఒంటరి కొట్లో. తోటి ఖైదీలు ముగ్గురిని కాల్చి చంపారు. నాలుగోవాడు చెరలోనే పోయాడు. డిషేజర్ గుండె ద్వేషంతో ఉడికిపోయింది. 1944 మేలో మూడు వారాలపాటు చదువుకోమని ఒక బైబిలు ఇచ్చారు. అది చదివాక అతని మనసు మళ్లింది. తన పాదాన్ని తలుపుసందున నొక్కిన కాపలావాణ్ణి మర్నాటినుంచి మర్యాదగా పలకరించసాగాడు. కొన్నాళ్లకు ఆ కాపలావాడే ఉడికించిన చిలగడదుంప తెచ్చి పెట్టాడు. మన పాలమూరు వైపు కందగడ్డ అంటామే, అదే!

నల్లగొండ, పాలమూరు జిల్లాలకు మిషనరీలు కొత్త కాదు. 1890 ప్రాంతంలో రష్యానుంచి ఏబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండకు వచ్చాడు. జడ్చర్లలో మెనొనైట్ల ఆసుపత్రి వెలిసింది. ఆయుధం పట్టరాదన్నది వారి సంప్రదాయం. డిషేజరో, బాంబులు వేసిన చేతులతోనే 1948 చివర మిషనరీగా జపానుకు తిరిగివచ్చాడు.

అతని చెరసాల కథ కరపత్రంగా అచ్చయింది. టోక్యోలో షిబుయా స్టేషను దగ్గర అది ఫుచిడా చేతికి అందింది. అప్పటికే ఆయన మనసును మరో కథ కలచివేస్తున్నది. ఫిలిప్పీన్సులో మిషనరీలైన తన తలిదండ్రులను జపాను సైనికులు చంపినా, ఒక అమెరికన్ యువతి గాయపడిన జపాను ఖైదీలకు సేవ చేసిందట! పగ తీర్చుకోవటమే ధర్మమని పెరిగిన యోధుడికి అది అంతుపట్టలేదు. కరపత్రం చదివాక జవాబు దొరికినట్లయింది.

1950లో ఫుచిడా స్వయంగా డిషేజరు ఇంటికి వెళ్లాడు. ఒకప్పుడు చెరొక పక్షాన నిలిచి బాంబులు వేసినవారు స్నేహితులై, ఒకే వేదిక ఎక్కి మాట్లాడారు.

ఫుచిడా 1976లోనూ, డిషేజరు 2008లోనూ కన్నుమూశారు. క్షమించటం గొప్పే. తాను గాయపరచినవారి నడుమకు వెళ్లి బతకటం అంతకన్నా కష్టం. 1959లో డిషేజరు ఆ పనీ చేశాడు. ప్రార్థనామందిరం నెలకొల్పాలని కాపురం మార్చాడు. ఎక్కడికంటారా? తాను బాంబులు వేసిన నగోయాకే.