తాళంచెవి ఎవరి చేతికి?
కిరాయి ఇళ్లపై పోచంపాడ్ పరిసర గ్రామాల్లో తర్జనభర్జన

పోచంపాడ్: గోదావరిపై శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన తర్వాత ఈ ప్రాంతంలో ఇంటి ముచ్చట వస్తే రెండిళ్ల గురించే మాట్లాడుకునేవారు. ఒకటి ముంపులో పోయిన ఇల్లు, రెండోది ఎత్తు జాగలో మళ్లీ కట్టుకున్న ఇల్లు. ఇప్పుడు మూడోది చేరింది. అది కిరాయికిచ్చిన ఇల్లు.

పసుపు పైసలతోనో, దుబాయి, మస్కట్ పైసలతోనో ఆర్మూరు, పెర్కిట్, మామిడిపల్లి వైపు జాగ కొని నాలుగు గదులు వేసినవారు ఈ చుట్టుపక్కల ఊళ్లలో తక్కువేమీ లేరు. ఇల్లు పట్నంలో, ఆలుబిడ్డలు ఊళ్లో, ఇంటి యజమాని మాత్రం ఎడారి దేశంలో. నెల తిరిగేసరికి కిరాయి ఎవరు వసూలు చేయాలి, బోరు మోటారు కాలితే ఎవరు బాగు చేయించాలి, ఖాళీ అయితే మళ్లీ ఎవరిని దింపాలి అన్నది పలు కుటుంబాల్లో తెగని పంచాయతీగా మారింది. తామే చూసుకోవాలని కొందరు, మధ్యవర్తికి అప్పగించాలని మరికొందరు అంటున్నారు.

ఊళ్లో ఉన్నవారికి సొంతంగా చూసుకోవడం తేలికే అనిపిస్తుంది. బస్సెక్కితే ఆర్మూరు. కాని జనవరి నుంచి పసుపు తవ్వకం మొదలైతే ఆ లెక్క తప్పుతుంది. తవ్వించాలి, ఉడకబెట్టాలి, రోజుల తరబడి కళ్లంలో ఎండబెట్టాలి, రాత్రి కాపలా ఉండాలి. కొమ్ము ఆరబోసి ఉండగా కిరాయిదారు ఫోన్ చేసి కుళాయి కారుతోందంటే కళ్లం వదిలి ఎవరు పోతారు? కిరాయి ఆగిపోయేదీ ఎక్కువగా ఆ నెలల్లోనే. అడిగే మనిషి రాకపోతే ఇచ్చే మనిషి తొందరపడడు.

గల్ఫ్‌కు పోయినవారి ఇళ్లలో ఈ భారం ఇల్లాలి మీద పడుతోంది. కిరాయి అడగబోతే "మీ ఆయనతోనే మాట్లాడుకుంటం లే అక్కా" అనే కిరాయిదారులున్నారు. ఆయనేమో డ్యూటీలో ఉంటాడు. మాట దాటవేయడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. కిరాయి ఎవరికి చెల్లించాలో కిరాయినామాలో ఇల్లాలి పేరుతో సహా రాయిస్తే ఈ తిప్పలు చాలావరకు తప్పుతాయి.

అందుకే చాలామంది ముందుగా బావమరిదినో, తమ్ముడినో నమ్ముకుంటారు. మనవాడే కదా, కమీషన్ ఉండదు కదా అనుకుంటారు. నిజమే, కమీషన్ ఉండదు. లెక్క కూడా ఉండదు. సున్నం వేయించిన ఖర్చెంత, అడ్వాన్సు ఎవరి దగ్గరుంది అని రెండేళ్లకు సెలవు మీద వచ్చినవాడు అడిగితే "నన్ను నమ్మవా బావా" అన్న మాట వస్తుంది. కిరాయి పైసల కంటే పెద్ద నష్టం అక్కడే జరుగుతోంది. చుట్టాలకు అప్పగించినా ఒక నోటుబుక్కు పెట్టించడం తప్పుగా భావించాల్సిన పని లేదు.

ఇక మధ్యవర్తుల సంగతి. ఇల్లు చూపి కిరాయిదారును దింపినందుకు ఒక నెల కిరాయి తీసుకోవడం చాలాచోట్ల వాడుకలో ఉంది. పసుపు రైతుకు కమీషన్ కొత్త కాదు. నిజామాబాద్ యార్డులో అడ్తిదారు కోత ఎంతో తక్‌పట్టీ మీద రాసి ఉంటుంది. ఇళ్ల మధ్యవర్తి దగ్గర అలాంటి కాగితం ఉండదు. నెల కిరాయి తీసుకున్నాక మోటారు కాలినా, కిరాయి ఆగినా తనకు సంబంధం లేదనే మధ్యవర్తులున్నారు. దింపడం వేరు, నెలనెలా చూసుకోవడం వేరు. ఏ పనికి ఎంత అన్నది ముందే కాగితం మీద పెట్టించుకోవాలి.

లెక్క వేసి చూద్దాం. నెలకు 6 వేలు వచ్చే ఇల్లనుకుంటే ఏడాదికి 72 వేలు. చూసుకునేవాడికి నూటికి పది ఒప్పుకుంటే పోయేది 7,200. తెలిసినవారు దొరకలేదని ఇల్లు రెండు నెలలు ఖాళీగా పడి ఉంటే పోయేది 12 వేలు. అయితే ఏడాదిలో రెండుసార్లు కిరాయిదారులు మారి, మారినప్పుడల్లా నెల కిరాయి ముట్టజెప్పాల్సి వస్తే అదీ 12 వేలే. మనిషి మారితేనే మధ్యవర్తికి లాభమన్న సంగతి గుర్తుంచుకోవాలి.

అసలు భయం కిరాయి పోవడం కాదు, ఇల్లే పోవడం. విదేశంలో ఉన్నవారు "అన్ని అధికారాలు" అని జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపితే, అందులో అమ్మకం, తాకట్టు అధికారాలు కూడా చేరి ఉండవచ్చు. కిరాయి వసూలు, మరమ్మతులు, కోర్టు నోటీసు వరకే అధికారమిస్తూ స్పెషల్ పవర్ రాస్తే చాలు. అక్కడి భారత రాయబార కార్యాలయంలోగాని, కాన్సులేట్‌లోగాని ధ్రువీకరణ చేయించాలి. ఆ కాగితం మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టి చెల్లుబాటు చేయించుకోవాలి. గడువు దాటాక పరుగెత్తేవారే ఎక్కువ.

మరో చిక్కు, ఉన్నట్టుండి తిరిగి రావడం. 2020లో కరోనా వల్ల పని పోయి వచ్చినవారిలో సొంతింట్లో కిరాయిదారు ఉండగా అత్తగారింట తలదాచుకున్నవారి గోడు ఈ ఊళ్లకు తెలియనిది కాదు. ఏడాదికి మించిన కిరాయినామాను 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్టరు చేయాలి కనుక 11 నెలలకు రాసుకోవడం అలవాటైంది. కాగితం లేని నెలవారీ కిరాయి అయితే ఖాళీ చేయమని 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. మున్సిపాలిటీ పరిధిలో 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం కూడా అడ్డు రావచ్చు, వకీలును అడిగి అడుగు వేయాలి. కరెంటు కట్ చేసి, సామాను బయటవేసి పంపుదామనుకుంటే కేసు యజమాని మీదికే వస్తుంది.

కరెంటు మీటరు, ఇంటి పన్ను యజమాని పేరునే ఉంటాయి. కిరాయిదారు బిల్లు ఎగ్గొట్టిపోతే ఆ బాకీ ఇంటి సర్వీసు మీదే నిలుస్తుంది. ఎవరు చూసుకున్నా ప్రతి నెలా కిరాయితోపాటు బిల్లు రసీదు కూడా అడిగి తీసుకోవాలి. ముందు గదిలో దుకాణం పెట్టనిస్తే కరెంటు రేటు మారుతుందని కూడా చెప్పి ఉంచాలి.

విదేశంలో ఉన్నవారు కిరాయిని ఎన్ఆర్‌ఓ ఖాతాలో వేయించుకోవచ్చు. బ్యాంకుకో, కంపెనీకో ఇల్లు ఇచ్చినవారికి కిరాయిలో నూటికి 30కి పైగా ఆదాయపు పన్ను కింద కోత పడి వస్తుంది. అది మధ్యవర్తి మింగింది కాదు. పన్ను పడేంత ఆదాయం లేనివారు రిటర్ను వేసి ఆ సొమ్మును వాపసు తీసుకోవచ్చు.