ఫోన్‌లో 8 కోర్లు ఉన్నా 8 రెట్లు స్పీడ్ ఎందుకు రాదు? అసలు కథ మెమరీ దగ్గరే ఉంది!

కొత్త ఫోన్ లాంచ్ అయిందంటే చాలు, స్పెక్స్‌లో "ఆక్టా కోర్ ప్రాసెసర్" అని పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. 8 కోర్లు అంటే 8 మంది పనివాళ్లు. మరి పని 8 రెట్లు త్వరగా అయిపోవాలి కదా? ఒకసారి గీక్‌బెంచ్ 6 రిజల్ట్స్ ఓపెన్ చేసి, సింగిల్ కోర్ స్కోర్‌నీ మల్టీ కోర్ స్కోర్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆక్టా కోర్ ఫోన్లలో చాలావాటికి ఈ తేడా 2 నుంచి 4 రెట్ల మధ్యలోనే ఆగిపోతుంది. మిగతా స్పీడ్ ఏమైపోయింది?

కొంత కారణం మనకు తెలిసిందే. ఆ 8 కోర్లూ ఒకే సైజువి కావు, కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. అన్నీ ఒకేసారి పరిగెడితే ఫోన్ వేడెక్కుతుంది కూడా. కానీ స్పెక్స్ షీట్‌లో ఎక్కడా రాయని ఇంకో కారణం ఉంది. ఈ కోర్లన్నీ ఒకే మెమరీని పంచుకోవాలి. పంచుకోవడం అన్నాక ఒకరి కోసం ఒకరు ఆగడం తప్పదు.

గీక్‌బెంచ్ కూడా ఈ విషయాన్ని సీరియస్‌గా తీసుకుంది. గీక్‌బెంచ్ 5లో ప్రతి కోర్‌కీ విడిగా ఒక పని ఇచ్చేవాళ్లు, ఎవరి పని వాళ్లదే. 2023 ఫిబ్రవరిలో వచ్చిన గీక్‌బెంచ్ 6లో ఈ పద్ధతి మార్చారు. ఇప్పుడు కోర్లన్నీ కలిసి ఒకే పనిని పంచుకుని చేయాలి. మనం రోజూ వాడే యాప్‌లు నడిచేది ఇలాగే కాబట్టి, స్కోర్ కూడా నిజానికి దగ్గరగా వచ్చింది. మరి ఆ పంచుకోవడంలో ఏం జరుగుతుందో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

అసలు మెమరీని ఎందుకు పంచుకోవాలి?

ఒక యాప్ రన్ అవుతున్నప్పుడు లోపల చాలా థ్రెడ్లు ఉంటాయి. మీరు ఫోటోల ఫీడ్ స్క్రోల్ చేస్తుంటే ఒక థ్రెడ్ స్క్రీన్ గీస్తుంది, ఇంకోటి నెట్ నుంచి ఫోటో దింపుతుంది, మరోటి ఆ జేపెగ్‌ని విప్పి పిక్సెల్స్‌గా మారుస్తుంది. ఇవి వేరే వేరే కోర్ల మీద ఒకేసారి నడవొచ్చు.

12 మెగాపిక్సెల్ ఫోటోని పూర్తి సైజులో విప్పితే, పిక్సెల్‌కి 4 బైట్ల లెక్కన దాదాపు 48 ఎంబీ అవుతుంది. ఒక థ్రెడ్ నుంచి ఇంకో థ్రెడ్‌కి ఇచ్చిన ప్రతిసారీ 48 ఎంబీ కాపీ చేస్తూ కూర్చుంటే ర్యామూ పోతుంది, బ్యాటరీ కూడా పోతుంది. అదే మెమరీ కామన్‌గా ఉంటే "ఫోటో ఫలానా చోట ఉంది, తీసుకో" అని 8 బైట్ల అడ్రస్ ఇస్తే చాలు. షేర్డ్ మెమరీ వల్ల లాభం ఇదే. చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది.

ఒకే నోట్‌బుక్‌లో ఇద్దరు రాస్తే...

బ్యాచిలర్ రూమ్‌లో ఖర్చుల నోట్‌బుక్ ఉందనుకోండి. మొత్తం 2000 అని రాసి ఉంది. ఒకడు పాలు తెచ్చాడు, 60. ఇంకొకడు కూరగాయలు తెచ్చాడు, 200. ఇద్దరూ ఒకేసారి 2000 అని చూశారు, ఎవరి లెక్క వాళ్లు మనసులో కూడుకున్నారు. మొదటివాడు కొట్టేసి 2060 అని రాశాడు. రెండోవాడు దాన్ని చూడకుండానే కొట్టేసి 2200 అని రాశాడు. ఉండాల్సింది 2260. పాల డబ్బులు గాల్లో కలిసిపోయాయి! ఇక్కడ ఎవరూ లెక్క తప్పు చేయలేదు, మోసం కూడా చేయలేదు.

కోడ్‌లో కౌంట్‌ని 1 పెంచమని రాసిన లైన్ మనకి ఒకటే పనిలా కనిపిస్తుంది. ప్రాసెసర్‌కి మాత్రం అది 3 పనులు: మెమరీ నుంచి చదవాలి, ఒకటి కలపాలి, తిరిగి రాయాలి. మధ్యలో ఇంకో కోర్ దూరితే పైన నోట్‌బుక్‌లో జరిగిందే జరుగుతుంది. దీన్నే రేస్ కండిషన్ అంటారు. జావాలో ఒక మామూలు ఇంటీజర్‌ని రెండు థ్రెడ్లతో చెరో లక్ష సార్లు పెంచి చూడండి. 2 లక్షలు రావాల్సిన చోట చాలాసార్లు తక్కువ వస్తుంది, పైగా రన్ చేసిన ప్రతిసారీ వేరే నంబర్ వస్తుంది. టెస్టింగ్‌లో దొరక్కుండా తప్పించుకుని, యూజర్ దగ్గరికి వెళ్లాక బయటపడే బగ్‌లలో ఇదే పెద్ద తలనొప్పి.

9 ఏళ్లు దాక్కున్న బగ్: డర్టీ కౌ

లెక్క తప్పడం వరకైతే ఓకే అనుకోవచ్చు. కానీ ఇదే రకం తప్పు ఏకంగా లినక్స్ కర్నెల్‌లో దొరికింది.

ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్ జైగోట్ అనే ఒక తల్లి ప్రాసెస్ నుంచి పుడుతుంది. ఫ్రేమ్‌వర్క్ కోడ్‌ని ప్రతి యాప్‌కీ కాపీ చేయకుండా, అందరికీ ఒకే మెమరీ పేజీలు చూపిస్తారు. ఎవరైనా అందులో రాయబోతే అప్పుడు మాత్రమే వాళ్లకి సొంత కాపీ ఇస్తారు. దీని పేరు కాపీ ఆన్ రైట్. ర్యామ్ ఆదా చేయడానికి చాలా మంచి ఐడియా.

లినక్స్ కర్నెల్‌లో ఈ కాపీ ఆన్ రైట్ పని జరిగే దారిలోనే, రెండు స్టెప్పుల మధ్య చిన్న సందు మిగిలిపోయింది. ఒక థ్రెడ్ రాస్తూ ఉంటుంది. సరిగ్గా అదే టైమ్‌లో ఇంకో థ్రెడ్ "ఈ కాపీ నాకు అక్కర్లేదు" అని పదే పదే చెబుతూ ఉంటుంది. టైమింగ్ కుదిరిందంటే రాత కాపీలోకి వెళ్లకుండా, చదవడానికి మాత్రమే పర్మిషన్ ఉన్న ఒరిజినల్ ఫైల్ పేజీలోకి వెళ్లిపోతుంది. అంటే మామూలు యూజర్ సిస్టమ్ ఫైల్స్‌ని మార్చేసి రూట్ అయిపోవచ్చు. 2007 నుంచి ఉన్న ఈ బగ్‌ని 2016 అక్టోబర్‌లో సరిచేశారు. అప్పటికే దీన్ని వాడుకుని ఎటాక్‌లు జరుగుతున్నట్టు బయటపడింది. దీనికి పెట్టిన పేరు డర్టీ కౌ, నంబర్ సీవీఈ-2016-5195.

ఆండ్రాయిడ్ కింద ఉన్నది కూడా లినక్స్ కర్నెలే కాబట్టి ఫోన్లకీ ఇది వర్తించింది. కొందరు సరదాగా ఫోన్ రూట్ చేసుకోవడానికి వాడారు, మాల్వేర్ రాసేవాళ్లూ వాడారు. అప్‌డేట్ రాని పాత ఫోన్లు అలాగే ఉండిపోయాయి. సెక్యూరిటీ ప్యాచ్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు "తర్వాత" నొక్కే ముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

గడియ పెడితే సరిపోదా?

సరిపోతుంది, కానీ ఊరికే రాదు. ఒక థ్రెడ్ డేటాని ముట్టుకునే ముందు లాక్ వేస్తుంది, పని అయ్యాక తీస్తుంది. పీజీ హాస్టల్‌లో కామన్ బాత్రూమ్ గడియ లాగా అన్నమాట. లోపల ఒకరుంటే మిగతావాళ్లు బకెట్ పట్టుకుని బయట నిలబడాలి. దీన్ని మ్యూటెక్స్ అంటారు. కౌంటర్ లాంటి చిన్న పనులకి ఇంత అవసరం లేదు. చదవడం, కలపడం, రాయడం మూడింటినీ విడదీయకుండా ఒకేసారి చేసే అటామిక్ ఇన్‌స్ట్రక్షన్లు ప్రాసెసర్‌లోనే ఉంటాయి. ఏఆర్ఎమ్ వీటిని వి8.1 నుంచి నేరుగా ఇచ్చింది. అంతకుముందు, మధ్యలో ఎవరైనా దూరితే మళ్లీ మొదటి నుంచి ప్రయత్నించే లూప్ రాయాల్సి వచ్చేది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. పనిలో 10 శాతం లాక్ లోపల, అంటే ఒక్కరే చేయాల్సిన పని అనుకుందాం. మిగతా 90 శాతాన్ని 8 సమానమైన కోర్లు పంచుకున్నా, మొత్తం స్పీడ్ పెరిగేది సుమారు 4.7 రెట్లే. వెయ్యి కోర్లు పెట్టినా 10 రెట్లు దాటదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చేసిన వాదన నుంచి వచ్చిన లెక్క ఇది, అందుకే ఆమ్‌డాల్ లా అంటారు. బాత్రూమ్ ఒక్కటే ఉన్నప్పుడు హాస్టల్‌లో మంచాలు పెంచితే క్యూ పెరుగుతుంది తప్ప స్నానాలు త్వరగా అవ్వవు కదా!

పెనం వాడి దగ్గర, పిండి వీడి దగ్గర

లాక్‌లు రెండు ఉంటే ఇంకో ప్రమాదం ఉంది. దోసె వేయాలంటే పెనం, పిండి రెండూ కావాలి. ఒకడు పెనం పట్టుకుని "పిండి ఇస్తేనే కదులుతా" అంటాడు. రెండోవాడు పిండి గిన్నె పట్టుకుని "ముందు పెనం ఇవ్వు" అంటాడు. ఇద్దరూ పస్తే. ఇదే డెడ్‌లాక్. దీనికి మందు కూడా సింపుల్: అందరూ ముందు పెనమే తీసుకోవాలి, ఆ తర్వాతే పిండి. ఆర్డర్ ఒకటే అయితే ముడి పడదు.

యాప్‌ని టచ్ చేసినా కదలకపోతే "యాప్ స్పందించడం లేదు" అని బాక్స్ వస్తుంది చూడండి, దాన్ని ఏఎన్ఆర్ అంటారు. టచ్‌కి 5 సెకన్లలో రెస్పాన్స్ లేకపోతే ఆండ్రాయిడ్ దాన్ని ఏఎన్ఆర్‌గా లెక్కేస్తుంది. దీని వెనక ఉండే కారణాల్లో ఒకటి మెయిన్ థ్రెడ్ ఏదో లాక్ కోసం ఎదురుచూస్తూ ఇరుక్కుపోవడం. ప్రాసెసర్ ఖాళీగానే ఉంటుంది, ర్యామ్ కూడా ఉంటుంది, గడియ తీసేవాళ్లే ఉండరు.

మార్స్ మీద రీస్టార్ట్

1997 జులై 4న నాసా పంపిన పాత్‌ఫైండర్ మార్స్ మీద దిగింది. కొన్ని రోజులకి దాని కంప్యూటర్ తనంతట తానే రీస్టార్ట్ అవ్వడం మొదలుపెట్టింది. వాతావరణ వివరాలు సేకరించే ఒక తక్కువ ప్రాధాన్యత గల టాస్క్ లాక్ పట్టుకుంది. అదే లాక్ కోసం డేటా బస్‌ని చూసుకునే ముఖ్యమైన టాస్క్ ఆగింది. ఈలోగా మధ్యస్థాయి కమ్యూనికేషన్ టాస్క్ వచ్చి ప్రాసెసర్‌ని తీసేసుకుంది. లాక్ పట్టుకున్న చిన్న టాస్క్‌కి నడిచే ఛాన్సే రాదు, కాబట్టి లాక్ వదలదు. పెద్ద టాస్క్ ఎంతసేపటికీ రాకపోయేసరికి వాచ్‌డాగ్ మొత్తం సిస్టమ్‌ని రీసెట్ చేసేది.

ఇంజనీర్లు భూమ్మీద ఉన్న అలాంటి సిస్టమ్‌లోనే సమస్యని మళ్లీ రప్పించి, ఒక సెట్టింగ్ మార్చి మార్స్‌కి పంపారు. లాక్ పట్టుకున్న చిన్న టాస్క్‌కి, దాని కోసం ఆగిన పెద్ద టాస్క్ ప్రాధాన్యతని కాసేపు అప్పుగా ఇచ్చే సెట్టింగ్ అది. సమస్య తీరిపోయింది. ఈ ప్రయారిటీ ఇన్వర్షన్ మన ఫోన్లలోనూ వస్తుంది, పాట మధ్యలో చిటపటమన్నట్టు వినిపిస్తుంది. అందుకే ఆండ్రాయిడ్ ఆడియో సిస్టమ్‌లో ముఖ్యమైన చోట్ల లాక్‌లు లేకుండా డేటా అందించే క్యూలు వాడతారు.

లాక్ లేకపోయినా క్యూ తప్పదు

ఇంకో దాగిన ఖర్చు ఉంది. ప్రతి కోర్‌కీ తన సొంత క్యాష్ ఉంటుంది. మెమరీ అందులోకి బైట్ బైట్‌గా రాదు, ముక్కలుగా వస్తుంది. మన ఫోన్లలో చాలావరకు ఒక ముక్క 64 బైట్లు. రెండు కోర్లు వేరే వేరే కౌంటర్లు పెంచుతున్నా, ఆ రెండూ ఒకే ముక్కలో పడ్డాయంటే ఆ ముక్క రెండు క్యాష్‌ల మధ్య బంతిలా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. కోడ్‌లో ఎక్కడా షేరింగ్ కనిపించదు, స్పీడ్ మాత్రం పడిపోతుంది. దీన్ని ఫాల్స్ షేరింగ్ అంటారు. మధ్యలో ఖాళీ వదలడమో, ఎవరి లెక్క వాళ్లు విడిగా రాసుకుని చివర్లో ఒకసారి కూడటమో దీనికి పరిష్కారం.

మరి మనం ఏం చేయాలి?

ఫోన్ కొనేవాళ్లకి: కోర్ల నంబర్ చూసి మురిసిపోకండి. రోజువారీ వాడకంలో స్మూత్‌నెస్ ఎక్కువగా సింగిల్ కోర్ స్కోర్ మీదే ఆధారపడుతుంది. రెండు ఫోన్లని పోల్చేటప్పుడు గీక్‌బెంచ్ 5 మల్టీ కోర్ స్కోర్‌ని గీక్‌బెంచ్ 6 స్కోర్‌తో కలపొద్దు, రెండూ కొలిచేవి వేరు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో కూడా తప్పకుండా చూడండి.

కోడ్ రాసేవాళ్లకి: షేర్ చేసేది ఎంత తక్కువైతే అంత మంచిది. మారని డేటాని ఎంతమంది చదివినా గొడవ లేదు. లాక్ పట్టుకున్నప్పుడు నెట్ కాల్స్ లాంటి పెద్ద పనులు పెట్టుకోవద్దు. రస్ట్‌లో మామూలు సేఫ్ కోడ్ రాస్తే డేటా రేస్‌లని కంపైలరే ఆపేస్తుంది. 2024లో వచ్చిన స్విఫ్ట్ 6 కూడా అదే దారి పట్టింది. సీ ప్లస్ ప్లస్ వాడుతుంటే థ్రెడ్ శానిటైజర్ ఆన్ చేసి ఒకసారి రన్ చేయండి, ఎన్ని బయటపడతాయో మీరే చూస్తారు.

కోర్లు పెంచడం చిప్ కంపెనీల పని. అవి ఒకదాని కోసం ఒకటి ఎంత తక్కువసేపు ఆగుతాయన్నది మాత్రం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల చేతిలోనే ఉంది. ఈసారి ఖరీదైన ఫోన్‌లో కూడా ఒక యాప్ నత్తనడక నడిస్తే, ప్రాసెసర్‌ని తిట్టే ముందు ఎవరో ఎక్కడో గడియ పట్టుకుని నిలబడ్డారేమో అని కూడా ఆలోచించండి.